ప్రతి అంకెకూ ఒక చిరునామా: ఆపరేషన్స్ రీసెర్చ్, డేటా సైన్స్ ప్రాజెక్టుల్లో పరిశోధన సిబ్బంది పని

విశ్వవిద్యాలయంలోనో ఐఐటీలోనో ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న మనుషులను, యంత్రాలను, సమయాన్ని మెరుగ్గా ఎలా వాడుకోవాలో గణితంతో తేల్చే శాస్త్రం) ప్రాజెక్టులో ప్రాజెక్ట్ అసోసియేట్‌గానో జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్)గానో చేరినవారి నియామక పత్రంలో పని గురించి ఉండేది చాలావరకు ఒకే వాక్యం: ప్రధాన పరిశోధకునికి సహకరించవలెను. ఆ సహకారం ప్రోగ్రాములు రాయడమా, డేటా శుభ్రం చేయడమా, బిల్లులు పెట్టడమా అన్నది చేరిన నెలకు గానీ తెలియదు. తెలిసేసరికి ఆ మూడూ మన మీదే ఉన్నాయని తేలుతుంది. ఈ పనులన్నిటికీ అడుగున ఉండే అసలు బాధ్యత ఒకటుంది. ప్రాజెక్టులో వాడే ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు మార్చారు అన్నది ఏ రోజు ఎవరు అడిగినా చూపగలగాలి. గణిత నమూనా ఆచార్యులదీ, సిద్ధాంతం పీహెచ్‌డీ విద్యార్థిదీ అయినప్పటికీ అంకెల చిరునామాలు మాత్రం సిబ్బంది దగ్గరే ఉంటాయి, ఉండాలి.

చెప్పేది గాలిలో పోకుండా ఒకే ఉదాహరణ వెంట నడుస్తాను. ఒక ఆర్టీసీ డిపోలో డ్రైవర్లకు, కండక్టర్లకు డ్యూటీ చార్టు వేసే పనిని గణిత నమూనాతో చేయడమనే ప్రాజెక్టు అది. ఈ శాస్త్రానికి మన ఊరితో పాత చుట్టరికమే ఉంది: 1949లో హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలలో ఏర్పడిన ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగాన్ని మన దేశంలో ఈ రంగానికి ఆరంభంగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

డిపోకు వెళ్లడం

నమూనా రాయడానికి ముందే, కంప్యూటరు తెరవకుండా, డిపోలో కనీసం మూడు పూటలు కూర్చోవాలి. అందులో ఒక పూట తెల్లవారుజామున తొలి బస్సులు బయటికి వెళ్లే వేళ అయితే మంచిది. చార్టుకూ వాస్తవానికీ ఉన్న తేడా అంతా ఆ గంటలోనే కనబడుతుంది. రావలసిన కండక్టరు రాకపోతే డ్యూటీలు వేసే ఉద్యోగి ఎవరికి ఫోను చేస్తాడు, ఎవరికి చేయడు అన్నది ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు.

అక్కడ అడగవలసిన ప్రశ్న 'మీ షరతులేమిటి' అన్నది కాదు. ఆ ప్రశ్నకు నియమాల పుస్తకంలో ఉన్నదే జవాబుగా వస్తుంది. 'నిన్న ఈ డ్యూటీని ఎందుకు మార్చారు' అని అడగాలి. ఒక డిపోలో నేను అలా అడిగినప్పుడు వచ్చిన జవాబు ఇది: "ఆ ఊరికి వానాకాలం నైట్ హాల్ట్ అంటే ఎవ్వరూ పోరు సార్, పండుకునే జాగ లేదు. అందుకే ఇద్దరి మధ్యన మార్చి మార్చి వేస్త." ఈ ఒక్క మాటలో ఒక షరతు, దానికి ఒక కాలపరిమితి, ఒక వంతుల పద్ధతి మూడూ ఉన్నాయి. అంతకు ముందు రెండు నెలల పాటు మాకు అందిన ఫైళ్లలో దాని జాడే లేదు.

ఇలా విన్నవాటిని ఒక షరతుల పుస్తకంలో రాసుకోవాలి. ఎక్సెల్ షీటయినా సరే, కాగితం పుస్తకమయినా సరే, ప్రతి షరతుకూ అది చట్టమా, ఒప్పందమా, అలవాటా అన్నది, ఎవరు ఏ తేదీన చెప్పారన్నది, తప్పినప్పుడు ఏమవుతుందన్నది ఉండాలి. ఉదాహరణకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని, 5 గంటల పనికి మించకుండా అర గంట విశ్రాంతి, డ్యూటీ మొదలు నుంచి చివరి వరకు విశ్రాంతితో కలిపి 12 గంటలు అనే పరిమితులు పెట్టింది. ఇప్పుడు కార్మిక చట్టాలను కొత్త లేబర్ కోడ్‌లలో కలిపారు కాబట్టి, నమూనాలో ఉన్న 8, 12 అనే అంకెలను ఏ చట్టంలోని ఏ సెక్షన్ ప్రకారం, ఏ తేదీ నాటికి తీసుకున్నామో పక్కనే రాసి ఉండాలి. అలవాటుగా వచ్చిన షరతును చట్టంగా రాస్తే నమూనా అనవసరంగా బిగుసుకుపోతుంది. చట్టాన్ని అలవాటుగా రాస్తే, ఖర్చు తగ్గుతుందంటే చాలు, యంత్రం దాన్ని తప్పి డబ్బుకు అమ్మేస్తుంది.

డేటా చేతికి వచ్చాక

వచ్చిన ఫైలును వచ్చినట్టే, చదవడానికి మాత్రమే వీలయ్యేలా ఒక ఫోల్డరులో భద్రపరచి, ఎవరు పంపారు, ఏ తేదీన పంపారు, ఎన్ని వరుసలు ఉన్నాయి అని రాసిన తర్వాతే నకలు మీద పని మొదలుపెట్టాలి. వరుసల లెక్క చిన్న విషయంగా కనబడవచ్చు. 2020 సెప్టెంబరు చివరి వారంలో ఇంగ్లండులో కోవిడ్ కేసులను పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించినప్పుడు, ఆ ఫైళ్లలో 65,536కు మించి వరుసలు పట్టకపోవడంతో 15,841 కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పంపినవారి లెక్కనూ వచ్చిన లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడడానికి పట్టేది అర నిమిషం.

అదే ఎక్సెల్ 047 అనే సర్వీసు నంబరును 47 చేస్తుంది, 3/4 అనే డ్యూటీ నంబరును ఒక తేదీగా మార్చేస్తుంది. అందుకని నంబరులా కనబడే ప్రతి పేరునూ అక్షరాలుగానే చదివించాలి. సమయాల విషయంలో అర్ధరాత్రి దాటే ట్రిప్పులు ఉన్నాయేమో ముందుగా వెతకాలి. రాత్రి 22:50కి బయలుదేరి 00:20కి చేరే బస్సు ప్రయాణ కాలాన్ని ప్రోగ్రాము మైనస్ 22 గంటల 30 నిమిషాలుగా చూపించి ఊరుకుంటే అదృష్టమే, తప్పు కంటికి కనబడుతుంది. సగటులో కలిసిపోతే మాత్రం కనబడదు. ప్రజా రవాణా సమయపట్టికలకు వాడే జీటీఎఫ్‌ఎస్ అనే ఫార్మాటులో చేసినట్టు, చేరే వేళను 24:20 అని రాసుకుంటే సర్వీసు రోజు తెగిపోకుండా ఉంటుంది.

ఇక మన రాష్ట్రాల డేటాకు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పదేళ్ల జిల్లా లెక్కలను తెచ్చి నేరుగా గీత గీస్తే వరంగల్‌లోనో కర్నూలులోనో ఏదో కూలిపోయినట్టు కనబడుతుంది, నిజానికి కూలినది ఏమీ లేదు, సరిహద్దు జరిగింది. పాత, కొత్త జిల్లాలను మండలాల స్థాయిలో కలిపే ఒక పట్టిక తయారుచేసుకోవడం బహుశా ఏ వ్యాసంలోనూ రెండు వాక్యాలకు మించి చోటు దొరకని పని; అయినా దాని మీద పెట్టిన వారం వృథా కాదు. ఊళ్ల పేర్లదీ అదే తీరు. కొత్తపల్లి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫైలులో ఒక త కారంతో, మరో ఫైలులో రెండు త కారాలతో ఉంటుంది, పైగా కొత్తపల్లి అనే ఊళ్లే చాలా ఉన్నాయి. పేరును పేరుతో జతపరచడం మానేసి, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని ఊరి కోడును, లేదా జనగణన కోడును పట్టుకోవాలి.

ప్రయాణికుల సంఖ్యను అంచనా వేసే భాగంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఉచిత ప్రయాణం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయింది. అంతకు ముందు టికెట్ల ఆదాయం నుంచి ప్రయాణికుల సంఖ్యను వెనక్కి లెక్కగట్టే పద్ధతి పాస్‌ల వారిని వదిలేసినా ఏదో ఒక మేరకు పనిచేసేది. ఆ తేదీల తర్వాత ఆదాయానికీ రద్దీకీ ఉన్న సంబంధమే వేరు, ఉచితంగా ప్రయాణించేవారికి ఇచ్చే జీరో టికెట్లను విడిగా లెక్కించక తప్పదు. ఆ తేదీకి ముందున్న డేటాతో నేర్పిన నమూనాను తర్వాతి కాలానికి వాడకూడదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, ఆ చెప్పేది సిబ్బందే.

మరొకటి పంచాంగం. దసరా, ఉగాది వచ్చే ఇంగ్లీషు తేదీలు ఏటా మారుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు నెల అదనంగా చేరడంతో తర్వాతి పండుగలన్నీ ఆలస్యంగా వచ్చాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి నిరుటి ఇదే వారంతో పోల్చే నమూనాకు అది ఎప్పటికీ అర్థం కాదు. పెళ్లి ముహూర్తాలు ఉన్న రోజులు, ఆషాఢంలో అవి లేని రోజులు పల్లె వెలుగు బస్సుల్లో స్పష్టంగా తెలుస్తాయి. ఈ రోజులన్నిటినీ చేత్తో ఒక పట్టికగా రాసి డేటాకు జతచేయడం విదేశీ సాఫ్ట్‌వేర్ ఏదీ మన తరఫున చేయని పని. ఖరీదైన అల్గారిదమ్ కంటే ఇంట్లోని పంచాంగమే అంచనాను ఎక్కువ బాగుచేస్తుందని నాకు చాలాసార్లు అనిపించింది.

నమూనాను నేటి చార్టుతో పరీక్షించడం

నమూనా రాసిన రోజే మెరుగైన చార్టు కోసం దాన్ని నడపాలని అందరికీ ఆత్రం ఉంటుంది. దానికి ముందు మరో పని చేయించాలి: ఇప్పుడు డిపోలో నడుస్తున్న చార్టును అలాగే నమూనాలోకి ఎక్కించి, చలరాశులన్నిటినీ ఆ విలువల దగ్గర కట్టేసి, సాల్వరును, అంటే నమూనాకు పరిష్కారం వెతికే సాఫ్ట్‌వేర్‌ను, నడపాలి. నిన్న రోడ్డు మీద నడిచిన చార్టును నమూనా ఇన్‌ఫీజిబుల్ (షరతులన్నీ ఒకేసారి పొసగవు) అని చెబితే నమూనాలో ఏదో తప్పుంది, లేదా డిపో ఏదో నియమాన్ని తప్పుతోంది. రెండిట్లో ఏదైనా తెలుసుకోవలసిందే.

మా ప్రాజెక్టులో తొలిసారి అదే జరిగింది. అలాంటప్పుడు సాల్వరును ఐఐఎస్ (ఇర్రెడ్యూసిబుల్ ఇన్‌ఫీజిబుల్ సబ్‌సిస్టమ్) అడగాలి. ఒకదానితో ఒకటి పొసగని షరతుల్లో, ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగతావి పొసిగేంత చిన్న గుంపును అది చూపిస్తుంది. గురోబీ, సీప్లెక్స్ అనే సాల్వర్లు రెండింటిలోనూ ఈ వసతి ఉంది. మాకు వచ్చిన గుంపు మొత్తం ఒకే నైట్ హాల్ట్ డ్యూటీ చుట్టూ ఉంది: మధ్యాహ్నం 14:00కు బయలుదేరి, 21:30కి ఊరు చేరి, మర్నాడు 5:15కు కదిలి, 9:45కు డిపోకు వచ్చే డ్యూటీ అది. నమూనా దాన్ని 19 గంటల 45 నిమిషాల ఒకే డ్యూటీగా చూసి 12 గంటల పరిమితి దాటిందంది. ఆ డిపోలో దాన్ని రెండు రోజుల రెండు డ్యూటీలుగా, ఏడున్నర గంటలు, నాలుగున్నర గంటలుగా లెక్కిస్తారు. ఈ సంగతి అరగంటలో తేలడానికి కారణం షరతులకు మేము పెట్టిన పేర్లు. ప్రతి షరతుకూ డ్యూటీ నంబరు, నియమం పేరు కలిపి పేరు పెట్టి ఉంటే ఐఐఎస్ జాబితాను డిపో ఉద్యోగి ముందు పెట్టి మాట్లాడవచ్చు. పేరు పెట్టకపోతే సాల్వరు తనకు తోచిన వరుస నంబరు వేస్తుంది, ఆ 1342వ షరతు ఏమిటో వెతుక్కోవడానికే రోజు పోతుంది.

ఫలితాలను సాల్వరు మాట మీద నమ్మకూడదు. నమూనాతో సంబంధం లేకుండా, వచ్చిన చార్టును చదివి ప్రతి నియమాన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచూసే చిన్న ప్రోగ్రాము ఒకటి రాయాలి, వీలయితే నమూనా రాసినవారు కాక వేరొకరు రాయాలి. మా చార్టులో ఒకసారి ఏ కండక్టరుకూ కేటాయించని డ్యూటీలో పది నిమిషాల పని కనబడింది. కారణం నేను వేసిన ఒక పెద్ద అంకె. 'డ్యూటీ కేటాయిస్తేనే అందులో నిమిషాలు ఉండాలి' అన్న షరతును, నిమిషాలు ఎం రెట్లు కేటాయింపుకు (కేటాయిస్తే 1, లేకపోతే 0) మించకూడదని రాసి, ఎంకు ఆలోచించకుండా 10,00,000 ఇచ్చాను. గురోబీ పూర్ణాంకాన్ని సరిచూసేటప్పుడు సాధారణంగా 0.00001 వరకు తేడాను ఒప్పుకుంటుంది. కేటాయింపు విలువ 0కు బదులు 0.00001 అయినా అది 0గానే చలామణి అవుతుంది, 10,00,000తో గుణిస్తే మాత్రం పది నిమిషాలు పుడతాయి. డ్యూటీకి 8 గంటలే గరిష్ఠం కాబట్టి 480 నిమిషాలు సరిపోయేది. అప్పుడు అదే లొసుగు 0.0048 నిమిషాలకు తగ్గిపోతుంది. ఎం విలువ ఏదైనా, ఎందుకు అంతే అన్నది షరతుల పుస్తకంలో ఒక వాక్యంగా రాసి ఉండాలి.

సాల్వరు ఎప్పుడు ఆపాలన్నది మరో చర్చ. దొరికిన పరిష్కారానికీ ఇంతకంటే మెరుగు కాదని నిరూపించగలిగిన హద్దుకూ ఉన్న తేడాను గ్యాప్ అంటారు. గురోబీ మామూలుగా 0.01 శాతం దగ్గర ఆగుతుంది. ప్రయాణికుల అంచనాలోనే పది శాతం ఎటూ తేలనప్పుడు, ఒక శాతం గ్యాప్‌ను 0.01కి దించడానికి రెండు రోజులు యంత్రాన్ని నడపడం డిపోకు ఏమాత్రం ఉపయోగం లేని పని. అల్గారిదమ్‌ను పోల్చే వ్యాసానికి అది కావలసిందే కావచ్చు. ఏది డిపో కోసం, ఏది వ్యాసం కోసం అని ముందే విడగొట్టి రెండు రకాల పరుగులుగా పెట్టుకుంటే అందరూ పంచుకునే కంప్యూటర్ల క్లస్టరులోని గంటలు మిగులుతాయి, ఆచార్యులతో వాదన కూడా తగ్గుతుంది.

పరుగులు, పట్టికలు

పూర్ణాంక నమూనాల్లో ఒకే లెక్క, ఒకే యంత్రం అయినా యాదృచ్ఛిక సీడ్ (సాల్వరు చేసే యాదృచ్ఛిక ఎంపికలకు మొదలుగా ఇచ్చే అంకె) మారిస్తే సమయం కొన్నిసార్లు రెండింతలు, మూడింతలు మారుతుంది. ఒక్క పరుగుతో మా పద్ధతి వేగవంతమైనదని రాయడం అందుకే నిలవదు. కనీసం అయిదు సీడ్‌లతో నడిపి, సగటుతో పాటు అన్నిటికంటే చెడ్డ సమయాన్నీ పట్టికలో చూపాలి. సాల్వరు పేరుతో పాటు వెర్షను, ఎన్ని థ్రెడ్‌లు వాడాం, సమయ పరిమితి ఎంత, నోడును (క్లస్టరులోని ఆ కంప్యూటరును) వేరేవారితో పంచుకున్నామా అన్నవి ప్రతి పరుగు లాగ్ ఫైలులో తమంత తామే రాసుకునేలా స్క్రిప్టు ఉండాలి. చేత్తో రాసుకుందామనుకుంటే మూడో రోజు మానేస్తాం.

ప్రపంచం వాడే ప్రామాణిక ఉదాహరణలతో కూడా పోల్చాలని సమీక్షకులు అడుగుతారు. వాహన మార్గాల సమస్యకు 1987లో సోలమన్ తయారుచేసిన, ఒక్కొక్కదానిలో 100 మంది వినియోగదారులు ఉన్న 56 ఉదాహరణలు, సాధారణ పూర్ణాంక నమూనాలకు మిప్‌లిబ్ 2017 అనే సేకరణలోని 240 ఉదాహరణల బెంచ్‌మార్క్ ఇందుకు వాడుకలో ఉన్నవి. వాటిని మొదటి నెలలోనే దించి స్క్రిప్టులో కలిపి ఉంచితే, సవరణలకు మూడు వారాలే గడువు వచ్చినప్పుడు చేతులు వణకవు.

ప్రతి పట్టికనూ ప్రోగ్రామే ముద్రించాలి. వ్యాసంలోకి ఒక్క అంకెనైనా చేత్తో కొట్టి ఎక్కించారంటే దాని చిరునామా ఆ క్షణమే పోయింది.

కాగితాలు

సాల్వర్ల విద్యా లైసెన్సులు ఉచితమే గానీ, అవి బోధనకూ వాణిజ్యేతర పరిశోధనకూ ఇచ్చినవి. ప్రాజెక్టు కన్సల్టెన్సీ కింద నడుస్తూ సంస్థ దగ్గర రుసుము తీసుకుంటుంటే ఆ లైసెన్సు వర్తిస్తుందో లేదో షరతులు చదివి, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. హైగ్స్, ఎస్‌సీఐపీ వంటి ఓపెన్ సోర్స్ సాల్వర్లలో కూడా నమూనా నడిచేలా మొదటి నుంచీ రాసుకుంటే ఈ బెడద ఉండదు, పైగా ప్రాజెక్టు ముగిశాక డిపో ఖర్చు లేకుండా వాడుకోగలదు.

ఉద్యోగుల వివరాల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు, గణాంకాలకు కొంత మినహాయింపు ఇచ్చింది, అయితే ఆ డేటాతో ఒక ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదన్న షరతుతో. డ్యూటీ చార్టు అంటేనే ఫలానా వ్యక్తి రేపు ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయం. అందుచేత పరిశోధన అనే మాట చాలులే అనుకోకుండా, సంస్థ నైతిక సంఘం ముందుకు వెళ్లి, స్టాఫ్ నంబర్లకు బదులు ప్రాజెక్టు సొంత కోడ్‌లు పెట్టి, ఆ రెండింటినీ కలిపే పట్టికను ఒక్కరి దగ్గరే ఉంచాలి. పేరు తీసేసినా, ఆ ఊరి నైట్ హాల్ట్‌కు వెళ్లేది ఇద్దరే అయితే వాళ్లెవరో డిపోలో అందరికీ తెలిసిపోతుంది. ప్రచురించే పట్టికల్లో అలాంటి వరుసలు కలిపి చూపాలి.

వ్యాసంలో పేరు

ఇది మాట్లాడడానికి అందరూ మొహమాటపడే విషయం. 14 రకాల సహకారాలను పేరుపేరునా గుర్తించే క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది, 2022లో అది అమెరికాలో జాతీయ ప్రమాణం కూడా అయింది. డేటా నిర్వహణ, సాఫ్ట్‌వేర్, ఫలితాలను సరిచూడడం అందులో రచనతో సమానంగా వేర్వేరు పాత్రలు. ప్రాజెక్టు మొదటి నెలలోనే ఆ 14 వరుసల ఎదుట ఎవరి పేర్లు ఉండవచ్చో ఆచార్యులతో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవడం మర్యాద తప్పడం కాదు. 'సర్, ఈ పట్టిక ఇప్పుడే నింపుకుంటే తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు' అని అడిగితే కాదన్న ఆచార్యులు నాకు తారసపడలేదు. అడగకపోతే మాత్రం కృతజ్ఞతల పేరాలో చివరి వాక్యం దక్కుతుంది. షరతుల పుస్తకం, లాగ్ ఫైళ్లు ఆ రోజున సాక్ష్యంగా కూడా పనికివస్తాయి.

అప్పగింత

ప్రాజెక్టు సిబ్బంది మధ్యలో వెళ్లిపోవడం మామూలే. పీహెచ్‌డీ సీటు వస్తుంది, ఉద్యోగం వస్తుంది, గ్రాంటు ఆలస్యమై జీతం ఆగుతుంది. కాబట్టి అప్పగింతను ఆఖరి వారం పనిగా చూడకుండా మూడు నెలలకోసారి పరీక్షించుకోవాలి. పరీక్ష ఇలా ఉంటుంది. ప్రాజెక్టుతో పరిచయం లేని ఒక ఎంటెక్ విద్యార్థిని పిలిచి, ఖాళీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఏది ఎలా నడపాలో రాసి ఉంచిన రీడ్‌మీ ఫైలు మాత్రమే ఇచ్చి, వ్యాసంలోని రెండో పట్టికను మళ్లీ తయారుచేయమనాలి. మనం పక్కనే కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, నోరు విప్పకుండా కూర్చోవాలి. ఆ విద్యార్థి ఎక్కడ ఆగి మన వైపు చూస్తే అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందని అర్థం. మా మొదటి పరీక్షలో అలా పదకొండు సార్లు చూశాడు. వాటిలో నాలుగు నా సొంత కంప్యూటరులో మాత్రమే ఉన్న ఫోల్డర్ల గురించి, ఒకటి సాల్వరు వెర్షను గురించి, మిగిలినవన్నీ ఏదో ఒక అంకె పక్కన ఎందుకు అన్నది రాయకపోవడం వల్ల. సాయంత్రానికి ఆ పదకొండు వాక్యాలూ రాసి, మర్నాడు మరో విద్యార్థిని పిలిచాం.